వేట లేని రోజులు

ఏప్రిల్ పదిహేను రాగానే
ఫిషింగ్ హార్బర్ నోరు మూసుకుంటుంది.
బోట్లన్నీ భుజాలు రాసుకుంటూ జెట్టీకి కట్టుబడతాయి.
మా ఐసు ఫ్యాక్టరీలో డబ్బాలు బోర్లిస్తారు.
అమ్మోనియా వాసన మాత్రం గోడల్ని వదిలిపోదు.
అరవై ఒక్క రోజులు.
ఓనరు సగం జీతమిచ్చి, మిగతా సగానికి దణ్ణం పెడతాడు.

ఆ రోజుల్లో నేను మంచు మీదికి పోతాను.

"పద్దెనిమిదేళ్లు మోసింది సాల్లేదేట్రా?"
వల చిరుగులు కుడుతూ అంటాడు సూరాడ కాసులు మావ.
చాల్లేదు మరి.
ఇక్కడది దిమ్మ, కొక్కెంతో లాగితే వస్తుంది,
నాలుగు మూలలున్న సరుకు.
అక్కడ దానికి మూలల్లేవు.

గోనెలో ఉప్పు నింపుకుని యారాడ కొండ ఎక్కాను, దిగాను.
ఎర్రమట్టి దిబ్బల మీద ఒకసారి జారి చూశాను.
వాచ్‌మన్ తరిమాడు.
సమతా ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కింద స్కీలు చూసి
"తెడ్లా?" అన్నాడు టీసీ.
అవునన్నాను.

చివరి ఊరు దాటాక మూడు రోజుల నడక.
ఆ శిఖరానికి మ్యాపులో పేరు లేదు,
ఎత్తు చెప్పే అంకె ఒక్కటే.
స్కీ అడుగున అంటించే పట్టీ చేతికిచ్చాడు అంగ్రూప్.
ఇటు నిమిరితే నున్నన, అటు నిమిరితే గరుకు.
ఎక్కనిస్తుంది, వెనక్కి జారనివ్వదు.
సొర తోలు, అన్నాను.
వాడు సొరని ఎప్పుడూ చూళ్లేదు.
సెల్లులో చూపిస్తే చాలాసేపు చూసి
"దీనికి చలెయ్యదా?" అన్నాడు.

జూన్ మొదటి వారం. ఆలస్యమని అందరూ చెప్పారు.
ఈ రోజుల్లో కొండ అరగంటే తలుపు తీస్తుంది.
రాత్రి గట్టిగా బిగవాలి,
పొద్దున పైన రెండు వేళ్ల మందం మెత్తబడాలి.
తొందరపడితే గాజు,
జాగు చేస్తే
వేలంపాట దాటిపోయిన చేప.

ఒంటిగంటకి బయల్దేరాం.
మావాళ్లు వేటకి లేచే వేళే.
చుక్కలుంటాయనుకున్నాను,
మబ్బు దుప్పటిలా కప్పేసి
ఎంతకీ బిగుసుకోనివ్వలేదు మంచుని.
కర్ర గుచ్చితే పిడిదాకా దిగింది.
కొస ఇంకా రెండు వందల మీటర్లు.
అంత దగ్గరగా, తెల్లగా,
మా పూర్ణా మార్కెట్‌లో బేరం కుదరని వస్తువులా.

గొడ్డలి తిరగేసి ఒక్కటి కొట్టాను.
మంచి దిమ్మ ఖణేల్‌మంటుంది.
ఇది బొద్‌మంది.
ఆ చప్పుడు నాకు తెలుసు.
నీళ్లు పట్టిన దిమ్మల్ని ఎన్నింటిని వెనక్కి పంపలేదు నేను!
అంగ్రూప్ నా మొహం చూశాడు,
నేను వాడి బూట్లు చూశాను.
ఇద్దరిలో ఎవరం ముందనలేదు.
వంగి, పట్టీలు ఊడదీశాం.

నీడవైపు వాలులో ఇంకా కాస్త గట్టితనం మిగిలుంది.
పద్నాలుగు మలుపులు, లెక్కపెట్టుకున్నాను.
పద్దెనిమిదేళ్ల తర్వాత
ఐసు నన్ను మోసింది.
ఏడుస్తున్నానో, గాలికే కళ్లు కారుతున్నాయో
అప్పుడు తెలీలేదు, ఇప్పుడూ తెలీదు.

తొమ్మిదిన్నరకి, టీ కాగుతుండగా,
మేం ఎక్కిన దారి మొత్తం కిందికొచ్చింది,
వంద బోట్ల ఐసు ఒకేసారి కుమ్మరించినట్టు.
టీలో పంచదార ఎక్కువైందన్నాడు అంగ్రూప్.

జూన్ పద్నాలుగు రాత్రి.
హార్బర్ నిండా డీజిలు, కొబ్బరికాయలు, కేకలు.
క్రషర్ మళ్లీ నములుతోంది.
తొలి దిమ్మ మీద అరచెయ్యి పెట్టి
కాసేపు తియ్యలేదు.
"ఏటి తెచ్చినావు?"
ముక్కు మీద ఊడిన తోలు, నల్లబడ్డ బొటనవేలి గోరు.
"కొసకెక్కినావా?"
"లేదు మావా."
"మరేటయ్యింది?"
"ఐసు బాగోలేదు."
కాసులు మావ తలూపాడు.
ఇంకేం అడగలేదు.
బోటు దగ్గరికి పోయి, ఐసు పెట్టె మూతలు
ఒక్కోటీ ఎత్తి మళ్లీ చూసుకున్నాడు.

ఇంటి ముందు తాడు మీద
ఎండు సావళ్ల పక్కనే నా పట్టీలు ఆరేశాను.
పిల్లొకటి వచ్చి సావళ్లని వదిలేసి
వాటినే వాసన చూసింది,
ఒకసారి నాకింది,
అటువైపు నుంచి మరోసారి నాకి
నావైపు కోపంగా చూసింది.